నిలబడి కొట్టిన చప్పట్లన్నీ స్టాండింగ్ ఒవేషనేనా?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ టీచర్ని. మొన్న మా బడి వార్షికోత్సవంలో ఎనిమిదో తరగతి అమ్మాయి పాట పాడుతుండగా కరెంటు పోయింది. మైకు మూగబోయింది. పిల్ల మాత్రం ఆగలేదు. ఆ చీకట్లోనే గొంతెత్తి చివరి చరణం దాకా పాడింది. పాట అయ్యాక ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత చప్పట్లు మొదలై ఎంతకీ ఆగలేదు. వార్షిక నివేదికలో నేను ‘ది ఆడియన్స్ గేవ్ హర్ ఎ స్టాండింగ్ ఒవేషన్’ అని రాశాను. మా సీనియర్ మాస్టారు దాన్ని కొట్టేసి ‘ది ఆడియన్స్ క్లాప్డ్’ అని దిద్దారు. టార్పాలిన్ల మీద కూర్చున్న తల్లులు లేవనే లేదు, ప్రహరీ గోడ వారన ఉన్న మగవాళ్లు మొదటినుంచీ నిలబడే ఉన్నారు, ఇక స్టాండింగ్ ఒవేషన్ ఎక్కడిది అంటారాయన. ఆయన మాట కాదనలేను. కానీ ‘క్లాప్డ్’ అని చదువుకుంటే మనసొప్పడం లేదు. ఒవేషన్‌కీ అప్లాజ్‌కీ అసలు తేడా ఏమిటి? ఎలా పలకాలి? వచ్చే నెల మండల స్థాయి పోటీలకు నేనే వ్యాఖ్యాతను. ‘ప్లీజ్ గివ్ ఎ స్టాండింగ్ ఒవేషన్’ అని అడగవచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

సమాధానం:

టీచర్ గారూ, మీ మాస్టారు సగం సరిగ్గానే దిద్దారు. ‘స్టాండింగ్’ తీసేయడం న్యాయం. దానితో పాటు ‘ఒవేషన్’ని కూడా కొట్టేయడం మాత్రం ఆ పిల్లకు అన్యాయం. ‘క్లాప్డ్’ అంటే మీకు మనసొప్పలేదన్నారు చూశారా, ఆ అసంతృప్తి సరైనదే. ఎందుకో చెబుతాను.

అప్లాజ్ అంటే చప్పట్ల మోత, అంతే. ఎందుకు కొట్టారు, ఎంత ఇష్టంగా కొట్టారు అన్నది ఆ మాటలో లేదు. వందన సమర్పణ అయ్యాక మర్యాద కోసం కొట్టే నాలుగు చప్పట్లూ అప్లాజే, హాలు దద్దరిల్లేలా కొట్టినవీ అప్లాజే. అందుకే దాని ముందు ఏదో ఒక విశేషణం పెట్టి మోతాదు చెప్పాల్సి వస్తుంది. 1893 సెప్టెంబర్ 11న షికాగో సర్వమత సభలో వివేకానందుడు అమెరికా సోదర సోదరీమణులను సంబోధించగానే ఏం జరిగిందో, తర్వాత మద్రాసులోని తన శిష్యుడు అళసింగ పెరుమాళ్‌కు ఆయనే ఉత్తరం రాశాడు. రెండు నిమిషాల పాటు ‘డెఫనింగ్ అప్లాజ్’ అన్నాడు. చెవులు గింగురుమనే చప్పట్లని అర్థం. ఆ విశేషణం తీసేస్తే అప్లాజ్ ఒట్టి చప్పట్లే.

ఒవేషన్‌కి అలాంటి ఆసరా అక్కర్లేదు. జనం ఉప్పొంగారన్న సంగతి ఆ మాటలోనే ఉంది. పద్ధతి ప్రకారం కొట్టాల్సిన చప్పట్లు అయిపోయాక కూడా చేతులు ఆగకపోతే, మోత తగ్గినట్టే తగ్గి మళ్లీ లేస్తే, అప్పుడు అది ఒవేషన్. మీరు ఉత్తరంలో ‘ఎంతకీ ఆగలేదు’ అని రాశారు. ఆ ‘ఎంతకీ’ని ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్లే మాట ఇదే. ‘క్లాప్డ్’ అంటే ఆ ‘ఎంతకీ’ రాలిపోతుంది.

ఈ తేడా వ్యాకరణంలో కూడా కనిపిస్తుంది. మీ పిల్లలకు చెప్పేటప్పుడు బియ్యాన్నీ పండగనీ ఉదాహరణ చూపించండి. ఒక బియ్యం, రెండు బియ్యాలు అనం కదా, సోలతోనో గిద్దతోనో కొలుస్తాం. అప్లాజ్ అలాంటిది. ‘యాన్ అప్లాజ్’ అనకూడదు, ‘అప్లాజెస్’ అన్న మాటే లేదు. దాన్ని కొలిచే సోల పేరు ‘రౌండ్’. అందుకే ‘ఎ రౌండ్ ఆఫ్ అప్లాజ్’ అంటారు. ఒవేషన్ పండగ లాంటిది. ఒక పండగ, రెండు పండగలు అని లెక్కపెట్టవచ్చు. ‘యాన్ ఒవేషన్’, ‘టూ ఒవేషన్స్’ అన్నీ ఒప్పే. మధ్యలో స్టాండింగ్ వస్తే ‘ఎ స్టాండింగ్ ఒవేషన్’ అవుతుంది. అయిదు నిమిషాల ఒవేషన్ అనాలంటే ‘ఎ ఫైవ్ మినిట్ ఒవేషన్’, అక్కడ మినిట్స్ అని బహువచనం పెట్టకండి. ఇంకో సంగతి. మనం ‘చప్పట్ల మధ్య వేదిక దిగింది’ అంటాం కాబట్టి ఇంగ్లిష్‌లోనూ ‘మధ్య’ కోసమే వెతుక్కుంటాం. అప్లాజ్‌కి ‘అమిడ్’ సరిపోతుంది. ఒవేషన్‌కి ఎక్కువగా ‘టు’ వాడతారు: ‘షి లెఫ్ట్ ది స్టేజ్ టు ఎ స్టాండింగ్ ఒవేషన్’. ఈ ‘టు’ మన చెవికి వింతగా ఉంటుంది కానీ వాళ్ల చెవికి ఎంతో సహజం.

క్రియ మాత్రం అప్లాజ్ కుటుంబం నుంచే రావాలి, ‘అప్లాడ్’ అని. ఒవేషన్‌కి సొంత క్రియ వాడుకలో లేదు. ‘ఒవేట్’ అన్న మాట మీ బడిలో సైన్సు టీచర్‌కి తెలిసే ఉంటుంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆకుని అలా అంటారు. అది లాటిన్‌లో గుడ్డుకి ఉన్న పేరు నుంచి వచ్చింది. దానికీ దీనికీ చుట్టరికం లేదు.

మరి ఒవేషన్ పుట్టిల్లు ఏది? ఇక్కడ కాసేపు ఆగాలనిపిస్తోంది, ఎందుకంటే మీ మాస్టారికీ మీకూ వచ్చిన పేచీ ఒక రకంగా రెండు వేల ఏళ్ల నాటిది.

రోములో యుద్ధం గెలిచి వచ్చిన సేనానికి ఊరేగింపు చేసేవారు. అందులో పెద్దదాని పేరు ట్రయంఫ్. సేనాని నాలుగు గుర్రాల రథమెక్కి, లారెల్ ఆకుల కిరీటం పెట్టుకుని, బాకాలు మోగుతుండగా నగరంలోకి వస్తాడు. చివర ఎద్దుని బలిస్తారు. దాని తర్వాతి మెట్టు గౌరవం పేరు ఒవాషియో. ఇందులో రథం లేదు. సేనాని నడిచో, గుర్రమెక్కో రావాలి. తలమీద లారెల్ బదులు మర్టిల్ అనే పొద ఆకుల దండ. బాకాల బదులు వేణువులు. బలికి గొర్రె. శత్రువు అంత గొప్పవాడు కాకపోయినా, యుద్ధం పూర్తిగా ముగియకపోయినా, నెత్తురు పెద్దగా చిందకపోయినా ఈ రెండో గౌరవంతో సరిపెట్టేవారు. గొర్రెకి లాటిన్‌లో ఉన్న పేరుని బట్టే ఒవాషియో అన్నారని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఆనందంతో కేక పెట్టడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చిందన్నది నేటి భాషావేత్తల మాట, నేనూ దాన్నే నమ్ముతాను.

ఆర్కిమిడీస్ పేరు మీ పిల్లలకు తెలుసు. ఆయన ఉన్న సిరాక్యూస్ నగరాన్ని క్రీ.పూ. 212లో పట్టుకున్న రోమన్ సేనాని మార్సెల్లస్. మరుసటి ఏడు రోముకొచ్చి పెద్ద ఊరేగింపు కావాలని అడిగితే సెనేట్ ఒప్పుకోలేదు, ఒవాషియో ఇచ్చింది. స్పార్టకస్ నాయకత్వంలో తిరగబడ్డ బానిసలను అణిచిన క్రాసస్‌కీ క్రీ.పూ. 71లో అదే దక్కింది. బానిసల మీద గెలుపుకి రథమెక్కించడం రోమన్లకు నామోషీ. క్రాసస్ అంతటితో ఊరుకోలేదు. మర్టిల్ దండ తనకు తక్కువనుకుని, లారెల్ పెట్టుకునేలా సెనేట్ చేత తీర్మానం చేయించుకున్నాడు.

ఇదంతా చదువుతుంటే నాకు మన ‘బ్రహ్మరథం పట్టారు’ అన్న మాట గుర్తొస్తుంది. జనం ఒక మనిషిని నెత్తిన పెట్టుకున్నారని చెప్పడానికి మనకీ ఊరేగింపే గుర్తొచ్చింది, వాళ్లకీ ఊరేగింపే. వాళ్ల మాట కాలక్రమంలో నడక వదిలేసి చప్పట్లలో స్థిరపడింది. ఊరేగింపు అన్న అర్థం పోయి, సభలో జనం ఉప్పొంగి పలికే స్వాగతం అన్న అర్థం ఇంగ్లిష్‌లో నిలబడింది 19వ శతాబ్దంలో.

నేను ఒక పత్రిక జిల్లా డెస్కులో పనిచేసే రోజుల్లో, రాత్రి పదకొండు దాటాక ఏజెన్సీ కాపీ వచ్చింది. ఎవరో సంగీతకారుడికి విదేశంలో స్టాండింగ్ ఒవేషన్ దక్కిందని. కొత్తగా చేరిన కుర్రవాడు దాన్ని ‘నిలబెట్టి సన్మానించారు’ అని తెలుగు చేశాడు. పేజీ పంపే హడావిడిలో చీఫ్ సబ్ ఎడిటర్ అది కొట్టేసి పైన ‘లేచి నిలబడి చప్పట్లతో అభినందించారు’ అని రాసి ఇచ్చారు. ఆయన దిద్దింది సరైనదే. కానీ చాలా ఏళ్ల తర్వాత రోమన్ల సంగతి చదివినప్పుడు ఆ కుర్రవాడే గుర్తొచ్చాడు. నిలబడింది ఎవరన్నది తారుమారు చేశాడు కానీ, ఆ మాట లోపల సన్మానం ఉందని అతనికి ఎలాగో తట్టింది. అతను తడిమింది వేరునే.

ఇక ‘స్టాండింగ్’ సంగతి. మీ మాస్టారి వాదనలో బలమంతా ఇక్కడే ఉంది, ఆయన చూపు చాలా నిశితమైనది. ఇక్కడ నిలబడి ఉండటం లెక్కలోకి రాదు, లేవడం లెక్కలోకి వస్తుంది. కూర్చోవడానికి చోటుండి, కూర్చున్నవాళ్లు ఆ మనిషి కోసం లేచి నిలబడాలి. గోడ వారన ఉన్నవాళ్లు చోటు లేక నిలబడ్డారు. వాళ్ల చప్పట్లు ఎంత నిజమైనవైనా అది స్టాండింగ్ ఒవేషన్ కాదు. తల్లులు ఒళ్లో పసిపిల్లల్ని పెట్టుకుని కూర్చుని కొట్టారు. వాళ్లది ఒవేషన్. ఒవేషన్ కూర్చుని కూడా ఇవ్వవచ్చు, అందుకే ఇంగ్లిష్ వాళ్లకు ‘స్టాండింగ్’ అని విడిగా చెప్పాల్సిన అవసరం వచ్చింది.

లేవడానికి అంత విలువ ఎందుకో తెలియాలంటే 1999 జనవరి 31న చెన్నై చెపాక్ మైదానం తలుచుకోవాలి. పాకిస్తాన్‌తో టెస్టు, మనకు గెలుపు లక్ష్యం 271. నడుం నొప్పితోనే సచిన్ 136 కొట్టాడు. అతను అవుటయ్యాక మిగిలిన వికెట్లు టపటపా రాలిపోయి మనం 12 పరుగుల తేడాతో ఓడిపోయాం. స్టేడియం అంతా శ్మశాన నిశ్శబ్దం. ఆ తర్వాత జరిగింది అక్కడున్న ఆటగాళ్లెవరూ మరిచిపోలేదు. గుండె పగిలి కూర్చున్న జనం లేచారు. గెలిచిన పాకిస్తాన్ జట్టుకి చప్పట్లు కొట్టారు. వసీం అక్రమ్, అతని జట్టు మైదానం చుట్టూ తిరిగి ఆ అభిమానాన్ని అందుకున్నారు. ఎవరూ లేవమనలేదు. లేవకపోయినా తప్పు పట్టేవాళ్లు లేరు. రథం లేకుండా కాలినడకన, జనం కేకల మధ్య సాగిన ఆ చుట్టు చూస్తే, ఒవాషియో మళ్లీ తన పాత రూపంలో వచ్చి నడిచినట్టే ఉంటుంది నాకు.

అలాంటి చోట వాడాల్సిన మాటని ఈమధ్య ప్రతి చోటా చల్లేస్తున్నారు. కాన్ చలనచిత్రోత్సవంలో ఏ సినిమాకి ఎన్ని నిమిషాలు నిలబడ్డారో గడియారం పెట్టుకుని వార్తలు రాస్తున్నారు. లండన్, న్యూయార్క్ నాటకశాలల్లో ప్రతి ప్రదర్శనకీ లేవడం అలవాటైపోయిందని అక్కడి విమర్శకులే బాధపడుతున్నారు. మర్టిల్‌తో తృప్తిపడక లారెల్ అడిగిన క్రాసస్ గుర్తొస్తాడు నాకు. నిజంగా నిమిషాలు చెప్పుకోదగ్గ సందర్భాలూ ఉన్నాయి. 1991లో వియన్నా ఒపెరా హాల్లో ప్లాసిడో డొమింగో పాడాక 80 నిమిషాలు చప్పట్లు ఆగలేదు, ఆయన 101 సార్లు తెర ముందుకొచ్చి వందనం చేయాల్సి వచ్చింది. అది గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. అంత పొడవు అందరికీ రానక్కర్లేదు. కానీ రెండు నిమిషాల లాంఛనానికీ దీనికీ ఒకే మాట వాడితే, చెపాక్ గురించి చెప్పడానికి మన దగ్గర ఏం మిగులుతుంది?

అందుకే మీ చివరి ప్రశ్నకు నా జవాబు కచ్చితంగా వద్దనే. వ్యాఖ్యాతగా మీరు అప్లాజ్ అడగవచ్చు, అది మీ పని కూడా. ‘ఎ బిగ్ రౌండ్ ఆఫ్ అప్లాజ్, ప్లీజ్’ అనండి, ‘ఎ బిగ్ హ్యాండ్’ అనండి, ‘పుట్ యువర్ హ్యాండ్స్ టుగెదర్’ అనండి. తెలుగులో ‘చప్పట్లతో ప్రోత్సహించండి’ అంటే ఇంకా హాయి. వేదికెక్కి బిక్కుబిక్కుమంటున్న పిల్లకు అడిగి ఇప్పించిన చప్పట్లు కూడా ధైర్యమిస్తాయి. ఒవేషన్ మాత్రం అడగకండి. మైకులో అడిగితే అందరూ లేస్తారు, మర్యాద కొద్దీ. పక్కవాడు లేచాడని లేస్తారు. తర్వాత పాడే పిల్లకు కూడా లేవమంటారా? లేవమనకపోతే ఆ పిల్ల ఏమనుకోవాలి?

మన నాటకాల వాళ్లకు ఇది బాగా తెలుసు. పద్యనాటకంలో నటుడు రాగం తీసి పద్యం ముగించగానే జనంలోంచి ‘వన్స్ మోర్’ అని కేక లేచేది. నటుడు మళ్లీ పాడేవాడు, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే. ఆ ‘వన్స్ మోర్’ ఇంగ్లిష్ మాటే అయినా ఇంగ్లిష్ వాళ్లు అలా అరవరు, ‘ఆంకోర్’ అంటారు, అది వాళ్లు ఫ్రెంచి నుంచి తెచ్చుకున్నది. హరికథల్లో అయితే చదివింపులు. కథ మధ్యలో ఎవరో పెద్దమనిషి కొంత డబ్బు పంపేవాడు, ఆ పేరూ మొత్తమూ మైకులో చదివేవారు. అవి మన పద్ధతి ఒవేషన్లు. ‘నా పద్యానికి వన్స్ మోర్ అనండి’ అని ముందుగా చెప్పించుకున్న నటుడికి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు.

ఉచ్చారణ గురించి రెండు ముక్కలు. తెలుగు పత్రికల్లో ‘ఒవేషన్’ అని రాస్తున్నాం, రాయడానికి అదే ఉంచండి. ఇంగ్లిష్‌లో పలికేటప్పుడు మొదటి అక్షరం ‘ఓ’, కాస్త చివర ‘ఉ’ తగిలినట్టు. ఊనిక ‘వే’ మీద పడాలి, ‘షన్’ తేలిపోవాలి. ‘స్టేషన్’తో ప్రాస కుదురుతుందని చెబితే పిల్లలు తప్పు పలకరు. అప్లాజ్ చివర ‘జ్’ శబ్దం రాజులోది కాదు, పెదాలు విప్పి తుమ్మెద ఝుంకారంలా సాగదీయాలి.

తరగతిలో ఆసక్తి ఉన్న పిల్లలుంటే ఇదొకటి చెప్పండి: అప్లాజ్, ఎక్స్‌ప్లోడ్ ఒకే తల్లి పిల్లలు. రెండూ చేతులు చరచడం అనే లాటిన్ క్రియ నుంచి వచ్చాయి. నటుడు బాగా చేయకపోతే చప్పట్లు చరిచి, హేళన చేసి వేదిక మీంచి తరిమేయడాన్ని మొదట్లో ఎక్స్‌ప్లోడ్ అనేవారు. బాంబు పేలడం అన్న అర్థం తర్వాత వచ్చింది. అదే చేతులు పిలవనూ గలవు, తరమనూ గలవు. నాకైతే ఈ ముక్క తెలిసిన రోజు రాత్రంతా దాని గురించే ఆలోచన.

తెలుగులో నివేదిక రాయాల్సి వస్తే ‘కరతాళ ధ్వనులు మార్మోగాయి’ అని రాయకండి. మంత్రిగారి సభల్లో వాడీ వాడీ అరిగిపోయింది. మీ ఉత్తరంలో మాటే తీసుకోండి: ‘చప్పట్లు ఎంతకీ ఆగలేదు.’ ఇంతకంటే మంచి అనువాదం ఒవేషన్‌కి నాకు తట్టడం లేదు.

ఇంగ్లిష్ నివేదికలో ఇలా పెడితే మీ మాస్టారు కూడా ఒప్పుకుంటారని నా నమ్మకం: ‘వెన్ ది పవర్ ఫెయిల్డ్, షి సాంగ్ ఆన్ వితౌట్ ఎ మైక్, అండ్ ది ఆడియన్స్ గేవ్ హర్ ఎ లాంగ్ ఒవేషన్.’ ఇందులో లేవని వాళ్లను లేపలేదు, కొట్టిన చప్పట్లను తగ్గించలేదు. కరెంటు పోయిన సంగతి ముందుగా వచ్చింది కాబట్టి ఆ చప్పట్లు ఎందుకో చదివేవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. ‘షి’ ఉన్న చోట ఆ అమ్మాయి పేరు, తరగతి రాయండి. ఆ నివేదిక నోటీసు బోర్డు మీద పెట్టినప్పుడు ముందుగా వచ్చి చదివేది ఆ పిల్లే.